మూల కత్తిరించిన దుప్పటి

రోస్విత కెమ్లర్‌కి ఎవరైనా పొద్దున్నే "శుభోదయం" అంటే, ముందు కిటికీ తెర తీసి బయట నిజంగా తెల్లారిందో లేదో చూసుకుని గానీ బదులు చెప్పదని మా ఊరు ఆల్టెన్‌రోడ్‌లో ఒక మాట ఉండేది. బీరు బల్లల దగ్గర పుట్టిన మాట కాబట్టి కొంత కల్పన ఉండొచ్చు. మరీ ఎక్కువేం లేదు. ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఊరి పత్రికలో దాదాపు ముప్పయ్యేళ్ళు విలేఖరిగా పనిచేసింది, మూడు పుస్తకాలు రాసింది, ఒకరు చెప్పిన మాటని ఇంకొకరిని అడిగి రూఢి చేసుకోకుండా అచ్చుకి ఇచ్చే అలవాటు లేదు. పోటీలో మొదటి బహుమతి ఎవరి మేకకి వచ్చిందో మేకల సంఘం అధ్యక్షుడు చెబితే ఆవిడకి చాలేది కాదు. మేక యజమానిని కూడా అడిగేది. వీలైతే మేకని కూడా చూసి వచ్చేది.

ఆవిడ పుట్టింది 1938లో, వంతెన వీధిలో. తండ్రి లోరెన్స్ అచ్చాఫీసులో కంపోజిటర్. సీసం అక్షరాలు పేర్చి పేర్చి ఆయన వేళ్ళ చివర్లు ఆదివారం నాడు కూడా నల్లగానే ఉండేవి. తల్లి ఒట్టీలియ. అక్క హెడ్విగ్ ఐదేళ్ళు పెద్ద. లోరెన్స్ నోట్లోంచి మాట రావడమే గగనం, వస్తే మెత్తగా వచ్చేది. చిన్న కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలని తలకిందులుగా చదవడం నేర్పాడు. ఈ విద్య పెద్దయ్యాక ఆవిడకి అక్కరకొచ్చింది. ఎవరి ఆఫీసుకెళ్ళినా వాళ్ళ బల్ల మీది కాగితాలన్నీ ఇవతల కుర్చీలోంచే చదివేసేది. ఊళ్ళో ఆవిడ ఏనాడూ అనుమానించని మగవాడు ఒక్కడే, ఆ నాన్న. ఆయన 1971లో పోయాడు. తల్లి ఇంకో ఐదేళ్ళు బతికింది.

పుట్టుకతోనే అనుమానపు మనిషి అని ఊరు అంటుంది గానీ అది అన్యాయం. పత్రికలో చేరిన కొత్తలో మాంసం కొట్టు యజమాని ఒకాయన, పక్క ఊరి సాసేజుల్లో రొట్టె పొడి కలుపుతారని నలుగురి ముందు అన్నాడు. రోస్విత అదే రాసింది. మర్నాడు ఆయన నేనలా అనలేదన్నాడు. విన్నవాళ్ళందరూ ఆయన దగ్గరే మాంసం కొనేవాళ్ళు కాబట్టి వాళ్ళూ విననే లేదన్నారు. సంపాదకుడు ఆవిడని కొట్టుకి పంపించి, వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందూ క్షమాపణ చెప్పించాడు. ఆ ఆడవాళ్ళు బుట్టలు చేత్తో పట్టుకుని వేడుక చూశారు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఎంత అవమానపడిందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఎవరినైనా ప్రశ్నలడిగి రాస్తే, అచ్చయ్యే ముందు ఆ కాగితాలు వాళ్ళకి చూపించడం ఇక్కడి పత్రికల్లో ముందునించీ ఉన్న పద్ధతి. వాళ్ళు చదువుతారు, తమ మాట కానిది కొట్టేస్తారు, కింద సంతకం పెడతారు. మిగతా విలేఖర్లు దీన్ని తలనొప్పిగా చూసేవాళ్ళు, సందు దొరికితే ఎగ్గొట్టేవాళ్ళు. రోస్విత మాత్రం దాన్ని మతంలా పట్టుకుంది. స్వర్ణోత్సవం చేసుకున్న ముసలి దంపతుల దగ్గర కూడా సంతకం తీసుకునేది, అదీ విడివిడిగా. ఒకసారి భర్త మొదటిసారి కలుసుకున్నది సంతలో అన్నాడు, భార్య చర్చిలో అంది. రోస్విత పుణ్యమా అని పెళ్ళయిన యాభై ఏళ్ళకి ఆ ఇంట్లో మొదటి గొడవ జరిగింది.

ఆవిడకి పెళ్ళి కాలేదు. భూమి కొలిచే ఆఫీసులో పనిచేసే ఫోల్క్‌మార్‌తో నిశ్చితార్థం దాకా వెళ్ళింది. ఒక ఆదివారం అతను అత్తయ్య ఇంటికి వెళ్ళానన్నాడు. రోస్విత సోమవారం ఆ అత్తయ్యకి ఫోన్ చేసి, నిన్న మీ ఇంట్లో ఏం కేకు చేశారని ఊరికే అడిగినట్టు అడిగింది. రేగుపళ్ళ కేకనీ, ఫోల్క్‌మార్ మూడు ముక్కలు తిన్నాడనీ అత్తయ్య చెప్పింది, ఫోన్ పెట్టేసి ఫోల్క్‌మార్‌కీ చెప్పింది. వారం తిరక్కుండా అతను ఉంగరం తీసి బల్ల మీద పెట్టాడు. పాపం, నిజమే చెప్పాడు, నాకేం తెలుసు అనేది రోస్విత, ఆ సంగతి ఎత్తినప్పుడల్లా.

1986లో ఊరికి ఏడువందల ఏళ్ళు నిండుతున్నాయి. ఉత్సవానికి ఊరి చరిత్ర పుస్తకం ఒకటి కావాలని మేయర్ బ్రెట్నర్ ఆవిడని పిలిచి అప్పగించాడు. ఈ బ్రెట్నర్ తండ్రి పెద్ద బ్రెట్నర్ బేకరీ నడిపినవాడు, యుద్ధం అయ్యాక మేయరైనవాడు, ఊరికి దేవుడితో సమానం. యుద్ధం ఆఖరి రోజుల్లో అమెరికన్లు ఎదురుగా కొండ మీద ఫిరంగులు పెట్టుకుని కూర్చున్నారు. ఇటు అడవిలో నాజీల దళం ఉంది. లొంగిపోతున్నామని తెల్లగుడ్డ కట్టిన ఇంట్లో మగవాళ్ళని కాల్చెయ్యమని వాళ్ళ హుకుం. ఆ ఏప్రిల్ తెల్లవారుజామున పెద్ద బ్రెట్నర్ చర్చి గంట గోపురం ఎక్కి తెల్ల దుప్పటి కట్టాడు, ఫిరంగులు పేలలేదు, ఊరు మిగిలింది. ఇది ఆల్టెన్‌రోడ్ పిల్లలు అక్షరాలకంటే ముందు నేర్చుకునే కథ. ఆయన పేర ఒక వీధి ఉంది. ఆ దుప్పటి టౌన్‌హాల్లో అద్దాల పెట్టెలో మడతపెట్టి ఉంది.

ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. రోస్వితకి ఆ పొద్దున వంతెన వీధి అంతా వేడి రొట్టెలు పంచడం గుర్తుంది. ఏడేళ్ళ పిల్ల అయినా, వారాల తర్వాత తిన్న వేడి రొట్టెని ఎవరు మర్చిపోతారు. ఆ రొట్టెలు కాల్చింది పెద్ద బ్రెట్నరే, ఒక్కడే, పనివాళ్ళందరూ యుద్ధంలో ఉన్నారు. ఇదీ ఊరంతా గర్వంగా చెప్పుకునే కథే. తెల్లారేసరికి అన్ని రొట్టెలు కావాలంటే మనిషి రాత్రంతా పొయ్యి దగ్గరే ఉండాలి. మరి గోపురం ఎక్కిందెవరు? నలభై ఏళ్ళుగా రెండు కథలూ పక్కపక్కనే చెప్పుకుంటున్న ఊరికి ఈ ప్రశ్న తట్టలేదు.

ఆవిడ ఇల్లిల్లూ తిరిగి అడగడం మొదలుపెట్టింది. శనివారం వాకిళ్ళు ఊడ్చుకుంటున్న ఆడవాళ్ళు ఆవిడ వీధి మలుపు తిరగ్గానే చీపుర్లు తీసుకుని లోపలికి పోయేవాళ్ళు. పాల కొట్లో ఆవిడ అడుగుపెడితే మాటలు ఠక్కున ఆగిపోయేవి. వీళ్ళు దేన్నో దాస్తున్నారని రోస్విత అనుకుంది. ఈవిడ ఇప్పుడు ఎవరి కొంప ముంచుతుందోనని వాళ్ళు అనుకున్నారు. నిజానికి వాళ్ళలో దాచడానికి ఏమైనా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆ రోజుల సంగతులు ఎత్తితే గుమ్మడికాయల దొంగ అన్నట్టు భుజాలు తడుముకోని ఇల్లు మా ఊళ్ళో అరుదు.

దుప్పటి చూస్తానని మేయర్‌ని అడిగింది. తాళంచెవి ఎక్కడుందో తెలీదన్నాడు. తాళంచెవి దొరికాక, గాలి తగిలితే గుడ్డ పొడైపోతుందన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందని రోస్వితకి అర్థమైంది. దుప్పటి ఎందుకు చూడాలనుకుందో ఈ దేశంలో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఆ కాలపు ఆడపిల్ల పెళ్ళికి ముందు ఏళ్ళ తరబడి కూర్చుని దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు కుట్టుకునేది. ప్రతిదానికీ ఒక మూల తన పేరు అక్షరాలు అల్లుకునేది. ఏ దుప్పటి ఏ ఇంటిదో ఆ మూల చెబుతుంది.

ఉత్సవ కమిటీ ముందు అడిగేసరికి మేయర్‌కి తప్పలేదు. పెట్టె తెరిచాడు. ఆవిడ చేతి తొడుగులు వేసుకుని మడత విప్పింది. మూడు మూలలు ఖాళీగా ఉన్నాయి. నాలుగో మూల లేదు. అరచెయ్యంత మేర కత్తెరతో శుభ్రంగా కత్తిరించి ఉంది. మేయర్ ముఖం తేలు కుట్టిన దొంగలా అయింది.

"మీకు తెలుసు కదూ, మేయర్ గారూ?" అంది రోస్విత.

"మూల లేదని తెలుసు. ఎందుకు లేదో తెలీదు. విప్పొద్దురా అని మా నాన్న చచ్చిపోయేముందు ఒట్టేయించుకున్నాడు. ఇంకేం అడగొద్దు, మీకు పుణ్యముంటుంది" అన్నాడాయన.

దుప్పటి అంచుకి దారాలు లాగి అల్లిన జాలీ ఉంది. అలాంటి జాలీ తన ఇంట్లో, తను రోజూ పడుకునే అమ్మ దుప్పట్లకీ ఉందని రోస్విత గమనించింది. ఈ లోయలో సగం ఇళ్ళ దుప్పట్లకి ఆ జాలీయే ఉంటుందని వెంటనే సర్దిచెప్పుకుంది. మేకని కూడా అడిగే మనిషి, ఆ ఒక్క చోట ఎవర్నీ అడగలేదు.

గోపురం ఎక్కాలంటే తాళంచెవి కావాలి. ఆ రోజుల్లో చర్చి గంట కొట్టేవాడు యుద్ధంలో ఉంటే అతని భార్య వాల్బుర్గ తాళంచెవి పెట్టుకుని గంట కొట్టేది. వాల్బుర్గ ఒట్టీలియకి స్నేహితురాలు. రోస్విత ఆమెని అత్తా అని పిలుస్తుంది. ఇప్పుడు ఎనభై దగ్గర పడింది, ఏటి ఒడ్డున వృద్ధాశ్రమంలో ఉంటుంది. రోస్విత వెళ్ళి, కాయలు కాచిన ఆ చేతుల్ని చూస్తూ, గోపురం ఎక్కింది నువ్వేనా అత్తా అని సూటిగా అడిగింది. అవునే, నేనే, అని ముసలామె అంత తేలిగ్గానూ ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదంది.

మరి బ్రెట్నర్ పేరెందుకు పెట్టారంటే, తను కట్టానంటే దుప్పటి ఎవరిదని అడుగుతారు కదా అంది. వాల్బుర్గ తన దుప్పట్లన్నీ బంగాళాదుంపలకి మార్చుకుందని వీధంతటికీ తెలుసు. బేకరీవాడికైతే బట్టలకి కొదవ లేదు, ఎవరూ అడగరు. మొదట బ్రెట్నర్ వద్దు మొర్రో అన్నాడట. తర్వాత అమెరికన్లు వచ్చి భుజం తట్టి మేయర్ని చేశారు. "మెల్లిగా అలవాటైపోయింది పాపం. చివరికొచ్చేసరికి తనే ఎక్కాననుకున్నాడు" అని నవ్వింది.

"మరి దుప్పటి ఎవరిది?"

వాల్బుర్గ నవ్వడం మానేసింది. "నీకు నిజంగా తెలీదా రోసీ? మీ అమ్మది."

ఆ మూల కత్తిరించింది కూడా ఒట్టీలియేనట. ఆ మూల అక్షరాలు, పెళ్ళికి ముందు, లోరెన్స్ తన చేత్తో గీసి ఇచ్చినవి. కంపోజిటర్ కదా, అందమైన అక్షరాలు గీశాడు, ఆమె వాటి మీదే అల్లుకుంది. యుద్ధం కొసకి వచ్చేసరికి అదే లోరెన్స్ ఊరి కాపలా దళంలో ఉన్నాడు, చేతికి పట్టీ, భుజాన తుపాకీ. తెల్లగుడ్డ ఎక్కడ కనిపించినా పైకి చెప్పాలి. చెప్పకపోతే అతని ప్రాణానికే ముప్పు.

"ఎవరికి దొరికినా ఫర్లేదు, ఆయనకి తెలియకూడదు అంది మీ అమ్మ. అందుకే కోసేసింది. తర్వాత కూడా నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయన పట్టిస్తాడేమోనని భయపడ్డానని ఆయనకి తెలిస్తే ఇంక మొహమెలా చూపించనూ అని" అంది వాల్బుర్గ.

రోస్విత ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ దుప్పట్ల మీద పడుకోలేకపోయింది. ఊరందర్నీ అనుమానించింది, తన ఇంటిని తప్ప. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అసలు దొంగతనం జరిగిందో లేదో కూడా తెలీదు ఇక్కడ. నాన్న పట్టిచ్చేవాడా? ఆ మెత్తటి మనిషి, ఆ నల్లటి వేళ్ళ మనిషి, కట్టుకున్న భార్యని? అమ్మకి అలా అనిపించిందంటే అమ్మకేదో తెలిసి ఉండాలి కదా. ఈ సంగతి రాస్తే నాన్న పేరు ఊరి పుస్తకంలో భార్య నమ్మని మొగుడిగా నిలిచిపోతుంది. రాయకపోతే పుస్తకం అబద్ధం. సగం రాద్దామంటే, గోపురం ఎక్కింది వాల్బుర్గ అన్న మరుక్షణం దుప్పటి ఎవరిదని ఊరే అడుగుతుంది. జీవితంలో మొదటిసారి ఆవిడకి నిజం తెలుసుకోకుండా ఉంటే బాగుండేదనిపించింది.

అయినా రాసింది. పద్ధతి ప్రకారం వాల్బుర్గకి చూపించింది. ముసలామె భూతద్దం పెట్టుకుని చదివి ఒక్క వాక్యం కొట్టేసింది. 'లోరెన్స్ పట్టిచ్చేవాడు' అన్న వాక్యం. "ఇది నేననలేదు. ఒట్టీలియ భయపడింది అన్నాను. ఆయనేం చేసేవాడో నాకెలా తెలుస్తుంది" అంటూ సంతకం పెట్టింది.

అమ్మానాన్నల తరఫున సంతకం పెట్టగలిగింది ఇంక హెడ్విగ్ ఒక్కతే. హెడ్విగ్‌కి నాన్నంటే ప్రాణం. ఆదివారం ఆదివారం సమాధి మీద పూలు మార్చేది తనే. చెల్లెలు కాగితాలు పట్టుకొస్తే, మా ఇంట్లో కూడా విచారణేనా, అని విసుక్కుంటూనే కాఫీ పెట్టి కూర్చుంది. చదివింది. మొదటి కాగితం దాటేసరికి కప్పు పక్కకి జరిపింది. చివరికొచ్చాక కళ్ళజోడు తీసి కాగితాల మీద పెట్టింది. రోస్విత తిట్లకి సిద్ధపడి కూర్చుంది.

"నాన్నకి తెలుసు. నేనే చెప్పాను" అంది హెడ్విగ్.

గోపురం మీద దుప్పటి కట్టడానికి ముందురోజు సాయంత్రం అమ్మ వంటింట్లో దుప్పటి మూల కత్తిరిస్తుంటే తలుపు సందులోంచి చూసిందట. పన్నెండేళ్ళు. నాజీల అమ్మాయిల దళంలో చేరి, దేశద్రోహులు ఇంట్లో ఉన్నా చెప్పాలని పాఠాలు వల్లెవేసిన వయసు. పరిగెత్తుకుంటూ వంతెన దగ్గర కాపలా కాస్తున్న నాన్న దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"మెచ్చుకుంటాడనుకున్నానే. భేష్ అంటాడనుకున్నా" అంది హెడ్విగ్. "నాన్న నా తల మీద చెయ్యి పెట్టాడు. అమ్మ కట్లు కట్టడానికి గుడ్డ చింపుతోంది, అంతే, నువ్వేం చూళ్ళేదు, ఇంటికెళ్ళి పడుకో అన్నాడు. పొద్దున గోపురం మీద దుప్పటి చూసి నాకంతా అర్థమైంది. ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. ఎవరికీ చెప్పలేదు."

తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. తన అక్షరాల్ని భార్య ఎందుకు కత్తిరించిందో ఆయనకి తెలుసు. తెలుసని ఆమెకి తెలీదు. ఆయన చెప్పలేదు, చెబితే కూతురు చేసిన పని బయటపడుతుంది. ఈ ముగ్గురిలో ఎవరి మీద ఎక్కువ జాలిపడాలో నాకైతే తోచదు.

రోస్వితకి ఏడుపొచ్చింది. నాన్న మీద అనుమానం పోయింది, అక్క ఇంతకాలం మోసిన బరువు దిగింది. లేచి అక్కని కావలించుకుంటే సరిపోయేది. కానీ పాతికేళ్ళ పైబడిన అలవాటు. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"అప్పుడు పక్కనింకెవరైనా ఉన్నారా అక్కా?"

హెడ్విగ్ ఆవిడ వంక చూసింది. "ఏంటీ?"

"అంటే, ఇంకెవరైనా విన్నారా అని."

మాట నోరు దాటాక తెలిసింది ఏమడిగిందో. నాన్నని కాపాడుకోవడానికి అక్క ఇప్పటికిప్పుడు కల్పించి చెబుతోందేమో అని అడిగింది. హెడ్విగ్‌కి అర్థం కాకపోలేదు. నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేక, సొంత తల్లిని పట్టిచ్చానన్న సిగ్గుతో చచ్చి, చివరికి నోరు విప్పితే సాక్షి ఎవరని అడిగింది చెల్లెలు.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే. కావాలంటే వంతెనని అడుగు" అంది హెడ్విగ్. కలం అందుకుని, వాల్బుర్గ కొట్టేసిన వాక్యం పక్కన తను చెప్పింది చెప్పినట్టు రాసి, కింద సంతకం పెట్టింది. తన పేరు పూర్తిగా రాసింది, పెళ్ళికి ముందు ఇంటిపేరుతో సహా. కాగితాలు చెల్లెలి వైపు తోసి కాఫీ కప్పులు ఎత్తేసింది.

రోస్విత ఆ మాటల్ని ఇంకెవరినీ అడగలేదు. అడగదల్చుకుంటే కాపలా దళంలో బతికున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఆ రాత్రి వంతెన దగ్గర ఎవరు డ్యూటీలో ఉన్నారో ఒక్క ఫోన్‌తో తేలిపోయేది. ఆవిడ ఫోన్ ముట్టుకోలేదు. ఒకే ఒక్కరి మాట మీద, రూఢి చేసుకోకుండా, అక్షరం మార్చకుండా అచ్చుకిచ్చింది. మాంసం కొట్టు గొడవ తర్వాత ఆవిడ అలా చెయ్యడం అదే మొదలు, అదే ఆఖరు.

పుస్తకం ఉత్సవం నాటికి వచ్చింది. మేయర్ బ్రెట్నర్ నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత, మా నాన్న ఒక ఆడదాని రహస్యం చివరిదాకా కాపాడాడని కొత్త కథ మొదలెట్టాడు. అది మొదటిదానికన్నా బాగుంది, పైగా నిజం కూడా. వీధి పేరు మార్చలేదు. వాల్బుర్గని కుర్చీలో కూర్చోబెట్టి ఊరేగించారు. ఆమె దారి పొడుగునా బీరు అడిగింది.

హెడ్విగ్ ఉత్సవానికి రాలేదు. మరుసటి ఆదివారం రోస్విత కొత్త పుస్తకం తీసుకుని సమాధుల తోటకి వెళ్ళింది. అక్క అమ్మానాన్నల సమాధి మీద ఎండిన పూలు ఏరుతోంది. రోస్విత పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించింది. హెడ్విగ్ చేతికంటిన మట్టి దులుపుకుని, నిలబడి, తన మాటలన్నీ చదివింది. ఒక్క మాటా మారలేదు. పుస్తకం మూసి తిరిగి ఇచ్చేసింది.

"అచ్చు వేశావు, సరే. నమ్మావా?"

"నమ్మాను అక్కా" అంది రోస్విత.

అది నిజం. హెడ్విగ్ నమ్మలేదు.